సెకండ్ హ్యాండ్ టూ స్ట్రోక్ డర్ట్ బైక్: వార్తలు చూసి ఆగాలా, బండి చూసి కొనేయాలా?

రాళ్లబాట

ఫోరమ్‌లో అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ 250 ఫోర్ స్ట్రోక్ ట్రైల్ బండి నడిపాను. మట్టిరోడ్డు మీద దానికి వంక పెట్టడానికేమీ లేదు, కానీ రాళ్ల మధ్య నిటారుగా ఎక్కాలన్నా, ఇరుకు మలుపులో ఆగి మళ్లీ కదలాలన్నా దాని బరువుకి ఒళ్లు హూనమైపోతోంది. అందుకే బరువు తక్కువుండే టూ స్ట్రోక్‌కి మారదామని గట్టిగా అనుకున్నాను. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి సెకండ్ హ్యాండే.

రెండు బళ్లు చూసిపెట్టాను. ఒకటి 2019 మోడల్ కేటీఎం 300 ఈఎక్స్‌సీ టీపీఐ (కార్బొరేటర్ బదులు పెట్రోల్ ఇంజెక్షన్ ఉన్నది). ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో చెప్పే మీటర్‌లో 140 గంటలు. ప్లాస్టిక్ అంతా కొత్తది, స్టిక్కర్లు కొత్తవి, చూస్తే షోరూమ్‌లోంచి ఇప్పుడే దించినట్టుంది. పిస్టన్ ఎప్పుడు మార్చారని అడిగితే "ఇంజెక్షన్ బండి కదా, దీనికి అప్పుడే ఆ అవసరం రాదు" అన్నాడు ఓనర్.

రెండోది 2008 యమహా వైజెడ్ 250. దీనికి గంటల మీటరే లేదు. నీలం రంగు వెలిసిపోయింది, ఎక్స్‌పాన్షన్ పైపు (ఇంజిన్ నుంచి వచ్చే లావు పొగ గొట్టం) మీద పిడికిలంత సొట్ట ఉంది, సీటు కవర్ ఒక పక్క చిరిగింది. కానీ ఆ ఓనర్ దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది, ఎప్పుడు పిస్టన్ మార్చాడో, ఎప్పుడు క్లచ్ ప్లేట్లు వేశాడో, ఫోర్క్ ఆయిల్ ఎప్పుడు పోశాడో అన్నీ రాసుకున్నాడు. అడగకుండానే డబ్బాలోంచి పాత పిస్టన్ తీసి చూపించాడు.

మనసు కేటీఎం మీదే ఉంది, అది దాచను. కానీ నేను బైక్ కంపెనీల వార్తలు రోజూ చూస్తుంటాను, కేటీఎం దివాలా గొడవ మొదలైనప్పటి నుంచి టెన్షన్‌గానే ఉంది. రేపు స్పేర్స్ దొరక్కపోతే ఎలా? ఇంకోపక్క టీబీఐ అని ఇంకోరకం ఇంజెక్షన్ ఉన్న కొత్త బళ్లు వచ్చాయి, ఎలక్ట్రిక్ బళ్లు వస్తున్నాయి, టూ స్ట్రోక్ పని అయిపోయిందని కొందరు, మళ్లీ పుంజుకుంటోందని కొందరు రాస్తున్నారు. ఇన్ని వార్తల మధ్య ఇప్పుడు కొనడమా, ఆగడమా? ఆ రెండింటిలో మీరైతే ఏది తీసుకుంటారు, బండి దగ్గరికి వెళ్లినప్పుడు ఏమేం చూడాలి?

హాఫ్ ఇంజిన్

వార్తల సంగతి వేరేవాళ్లు చెబుతారు, నేను బండి సంగతి చెబుతాను. పని చేసేది వర్క్‌షాప్‌లోనే, టూ స్ట్రోకులు రోజూ విప్పుతుంటాను.

ఆ టీపీఐ ఓనర్ చెప్పిన మాట నమ్మకండి. ఇంజెక్షన్ అంటే పెట్రోల్ లోపలికి ఏ దారిన వెళ్తుందన్న విషయం, అంతే. టీపీఐలో ట్రాన్స్‌ఫర్ పోర్టుల్లోకి (క్రాంక్‌కేసు నుంచి సిలిండర్‌లోకి వెళ్లే దారుల్లోకి) రెండు ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్ముతాయి, ఆయిల్‌ని వేరే ట్యాంకు నుంచి ఒక చిన్న పంపు పంపిస్తుంది. పిస్టన్, రింగులు, కనెక్టింగ్ రాడ్ బేరింగ్ మాత్రం ఏ టూ స్ట్రోక్‌లోనైనా అరిగేవే. 125ని ఎప్పుడూ పై ఆర్‌పీఎంలోనే ఏడిపిస్తూ నడిపేవాళ్లు 30, 40 గంటలకే పిస్టన్ మారుస్తారు. 300 అంత త్వరగా అరగదు, ట్రైల్‌లో నెమ్మదిగా నడిపిన ఇంజిన్ 100 గంటలు దాటాక విప్పినా లోపల బాగానే ఉండొచ్చు. కానీ "విప్పి కొలిచాను, బాగుంది" అనే ఓనర్ వేరు, "విప్పే అవసరం రాలేదు" అనే ఓనర్ వేరు. 140 గంటలకీ విప్పని బండి అంటే హాఫ్ ఇంజిన్ పని (సిలిండర్ విప్పి పిస్టన్, రింగులు మార్చడం) మీ ఖర్చుకిందే లెక్క వేసుకోండి, బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఇక బండి చూడ్డానికి వెళ్లేముందు ఓనర్‌కి ఫోన్ చేసి ఇంజిన్ చల్లగా ఉంచమని చెప్పండి. వెళ్లగానే మాటల్లోకి దిగకుండా సిలిండర్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవ్వడానికి ఎంత మొండికేస్తుందో మీకు తెలియకుండా. అలాంటప్పుడు ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయడమే మంచిది.

ఓనర్ ఒప్పుకుంటే ఎక్స్‌పాన్షన్ పైపు విప్పండి. స్ప్రింగులు లాగి, ఒకటో రెండో బోల్టులు తీస్తే పైపు చేతికి వచ్చేస్తుంది, పెద్ద పనేం కాదు. పిస్టన్‌ని మెల్లగా కదిలిస్తూ పొగ బయటికి పోయే రంధ్రం, అంటే ఎగ్జాస్ట్ పోర్టులోంచి టార్చ్ వేసి చూడండి. పిస్టన్ పక్క గోడ మీద సన్నటి, నునుపైన గుర్తులుంటే పర్లేదు. గోరు పెడితే తగిలేంత లోతుగా నిలువు గీతలుంటే ఒకసారి సీజ్ అయ్యిందనో (పిస్టన్ సిలిండర్‌లో పట్టేసిందనో), ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి వెళ్లిందనో అర్థం. రింగు దిగువన పిస్టన్ గోధుమరంగులోకి బాగా మాడి ఉంటే రింగు దాటి గ్యాస్ కిందికి కారుతోంది. సిలిండర్ గోడకి నికాసిల్ అనే గట్టి పూత, కోటింగ్ ఉంటుంది, అది ఎక్కడైనా లేచిపోతే పాత పద్ధతిలో బోరు కొట్టించి పెద్ద పిస్టన్ వేసేద్దామంటే కుదరదు, మళ్లీ కోటింగ్ వేయించాలి లేదా సిలిండరే మార్చాలి. సగం మంది కొనేవాళ్లు ఈ ఒక్క చోటా చూడరు, నాకు అదే బాధ. పది నిమిషాల పని, ఇంజిన్ సగం జాతకం అక్కడే కనబడుతుంది.

కంప్రెషన్ గేజ్ పెట్టించుకుంటే మంచిదే, థ్రాటిల్ పూర్తిగా తెరిచిపట్టి ముల్లు ఆగేదాకా కిక్ కొట్టాలి. అయితే ఇంత ఉంటే మంచిది, ఇంత ఉంటే చెడ్డది అని ఎవరో చెప్పిన ఒకే నంబరు అన్ని బళ్లకీ పెట్టకండి. ఎగ్జాస్ట్ పోర్టు ఎత్తుని బట్టి, గేజ్ గొట్టం పొడవుని బట్టి కూడా మారుతుంది. ఆ మోడల్ మాన్యువల్‌లో ఎంత ఉందో చూసి పోల్చుకోండి.

క్రాంక్ సీళ్లు (క్రాంక్ షాఫ్ట్ రెండు పక్కలా లీకు ఆపే రింగులు) ఇంకా ముఖ్యం. టూ స్ట్రోక్‌లో క్రాంక్‌కేసు కూడా పంపులా పనిచేస్తుంది కాబట్టి అక్కడ లీకు ఉంటే నేరుగా ఇంజిన్ మీద పడుతుంది. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్‌ని లోపలికి పీల్చుకుంటుంది, ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టంగా తెల్లటి పొగ ఆగదు, గేర్ ఆయిల్ మట్టం తగ్గుతూ పోతుంది. మ్యాగ్నెట్ వైపు సీల్ పోతే గాలి పీల్చుకుంటుంది, మిక్స్‌చర్ లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతుంది. గుర్తు ఏమిటంటే, రేజ్ ఇచ్చి వదిలినప్పుడు ఇంజిన్ వెంటనే దిగకుండా పైనే కాసేపు వేలాడుతుంది. అది చూసి "బండి పికప్ భలే ఉంది" అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ బండి మీద గట్టిగా ఒక ఎత్తు ఎక్కితే పిస్టన్ కరిగి కూర్చుంటుంది. అనుమానం ఉంటే లీక్ డౌన్ టెస్ట్ చేయించండి. ఇంజిన్ రంధ్రాలన్నీ మూసేసి లోపలికి కొద్దిగా గాలి కొట్టి నిలబడుతుందో లేదో చూడటమే అది.

టీపీఐ విషయంలో ఇంకో రెండు మాటలు. పెట్రోల్ పంపు ట్యాంకులోనే ఉంటుంది, గొట్టం కనెక్టర్‌లో ఇంకో చిన్న ఫిల్టర్ ఉంటుంది, అవి ఎప్పుడు మార్చారో అడగండి. ఆయిల్ ట్యాంకు మట్టం ఎంతకాలానికి తగ్గుతోందో, దాన్లో ఏ ఆయిల్ పోస్తున్నారో అడగండి. ఆ బండి ఓనర్ "ఆయిల్ చాలా తక్కువ తాగుతుంది" అని సంతోషంగా చెబితే మీరు సంతోషపడకండి, పంపు పనిచేస్తోందో లేదో చూడండి.

వార్తలవేట

పైన అన్న చెప్పిన ప్రతి మాటా నిజం, ముఖ్యంగా పైపు విప్పి చూసే సంగతి. నేను కంపెనీల వైపు చెబుతాను, ఎందుకంటే మీ టెన్షన్ సగం అక్కడి నుంచే వస్తోంది.

కేటీఎం విషయంలో జరిగింది వరసగా చూస్తే ఇలా ఉంటుంది. 2024 నవంబరు 29న ఆస్ట్రియాలో కోర్టు దగ్గర దివాలా ప్రక్రియకి దరఖాస్తు చేసింది, అయితే అది యాజమాన్యం చేతిలోనే ఉంటూ బాకీలు సర్దుబాటు చేసుకునే పద్ధతి. తాళం వేసి యంత్రాలు అమ్మేసే దివాలాతో దాన్ని కలపకూడదు. అమ్ముడుపోని బళ్లు గుట్టలుగా పేరుకుపోవడం దానికి పెద్ద కారణం. డిసెంబరులో ఉత్పత్తి ఆపారు. 2025 ఫిబ్రవరిలో అప్పులిచ్చినవాళ్లు 30 శాతం తీసుకుని సరిపెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. మార్చిలో లైన్లు మళ్లీ తిరిగాయి, విడిభాగాలు అందక మధ్యలో ఇంకోసారి ఆగి, జులై చివర్లో మళ్లీ మొదలయ్యాయి. 30 శాతం కట్టడానికి కావాల్సిన డబ్బు బజాజ్ ఆటో సమకూర్చింది, కంపెనీ మీద అదుపు కూడా దాని చేతికే వచ్చే ఏర్పాటు జరిగింది. బజాజ్‌కి కేటీఎంలో 2007 నుంచీ వాటా ఉంది కాబట్టి బయటివాడు వచ్చి కొన్నట్టు కాదు.

ఇందులో 2019 బండి కొనేవాడికి పనికొచ్చే ముక్క ఒక్కటే: ఆ ఇంజిన్‌కి కావాల్సిన పిస్టన్, రింగులు, గ్యాస్కెట్లు, బేరింగులు, క్లచ్ ప్లేట్లు కంపెనీ ఒక్కటే తయారుచేయదు. బయట విడిగా తయారుచేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఎందుకంటే ఆ 300 ఇంజిన్ బళ్లు ప్రపంచమంతటా తిరుగుతున్నాయి. కంపెనీ నుంచే రావాల్సినవి ఏవి? ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్), వైరింగు, సెన్సర్లు, ఆయిల్ పంపు, ఇంజెక్షన్ సామాను. మీరు చేయాల్సిన పని వార్తలు చదవడం ఆపి, ఆ నాలుగైదు పార్టుల నంబర్లు రాసుకుని డీలర్‌కి ఫోన్ చేసి "ఇది స్టాకులో ఉందా, ఎన్ని వారాలు పడుతుంది" అని అడగడం. అరగంటలో మీకు వచ్చే జవాబు ఏ వార్తా ఇవ్వలేదు.

కంపెనీలు చేతులు మారిన పాత వార్తలు మాత్రం సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు నిజంగా తెలుసుకోవాలి, దీనికి ఎవరూ విలువివ్వరు. హస్క్‌వర్నాని 2013లో బీఎండబ్ల్యూ దగ్గర్నుంచి అప్పట్లో కేటీఎంని నడిపిన స్టెఫాన్ పీరర్ కంపెనీ కొంది. అందుకని 2014 మోడల్ నుంచి హస్క్‌వర్నా టూ స్ట్రోకుల్లో కేటీఎం ఇంజిన్ ఉంటుంది, అంతకుముందు ఇటలీలో తయారైన డబ్ల్యూఆర్ బళ్లలో ఇంజినే వేరు. పేరు అదే, స్టిక్కర్ అదే, కానీ పిస్టన్ దగ్గర్నుంచి ఏదీ కలవదు. గ్యాస్‌గ్యాస్ కూడా అంతే, 2019లో కేటీఎం గుంపులో కలిసింది, 2021 మోడల్ నుంచి ఈసీ 300లో ఉన్నది ఆ గుంపు ఇంజినే, అంతకుముందువి స్పెయిన్‌లో వాళ్లు సొంతంగా చేసుకున్నవి. ఎవరైనా చవకగా పాత గ్యాస్‌గ్యాసో, పాత హస్క్‌వర్నానో చూపిస్తే ముందు సంవత్సరం అడగండి. అవి చెడ్డ బళ్లని కాదు, విడిభాగాల కోసం వెతుక్కునే ఓపిక ఉన్నవాళ్లకే సరిపోతాయి.

హోండా సీఆర్ బళ్లు 2007 మోడల్‌తో ఆగిపోయాయి. పిస్టన్లూ అవీ బయట ఇంకా దొరుకుతున్నాయి కానీ 2002 తర్వాతి సీఆర్ 250ఆర్‌లో పవర్ వాల్వ్ (ఆర్‌పీఎంని బట్టి ఎగ్జాస్ట్ పోర్టుని సర్దేది) ఎలక్ట్రానిక్ కాబట్టి ఆ విడిభాగం పోతే కష్టం.

మీరు చూసిన వైజెడ్ 250 సంగతి దీనికి పూర్తిగా ఎదురు. ఆ ఇంజిన్ మూలం 1999 నాటిది, చిన్న చిన్న మార్పులతో అదే నడుస్తోంది. 2005లో అల్యూమినియం ఫ్రేమ్ వచ్చింది, 2006లో సస్పెన్షన్ మారింది, ఇంజిన్ జోలికి పెద్దగా పోలేదు. 66.4 మిల్లీమీటర్ల బోరు, 72 మిల్లీమీటర్ల స్ట్రోక్ అప్పటి నుంచీ అలాగే ఉన్నాయి. కొత్త బండి ఇంకా అమ్ముతున్నారు కాబట్టి పాతదానికి సామాను కరువు రాదు. ప్రతి ఏడాదీ "కొత్త రంగు తప్ప ఏమీ మార్చలేదు" అని విలేకరులు విసుక్కుంటారు చూడండి, సెకండ్ హ్యాండ్ కొనేవాడికి అంతకంటే తీపికబురు లేదు.

ఇక ఆగడం గురించి. టీపీఐ 2018 మోడల్‌తో వచ్చింది, 2023లో మోటోక్రాస్ (ట్రాక్ రేసు) బళ్లకీ, 2024లో ఎండ్యూరో (అడవి, రాళ్లదారుల) బళ్లకీ థ్రాటిల్ బాడీలోనే ఇంజెక్షన్ పెట్టిన టీబీఐ వచ్చింది. ట్రయంఫ్ 2023 నవంబరులో టీఎఫ్ 250-ఎక్స్ చూపించింది, డుకాటీ 450తో దిగింది, రెండూ ఫోర్ స్ట్రోకులే. స్టార్క్ వార్గ్ అనే ఎలక్ట్రిక్ మోటోక్రాస్ బండి 2021 డిసెంబరులోనే బయటికొచ్చింది. కొత్తగా వస్తున్న కంపెనీలు టూ స్ట్రోక్ వైపు రావడం లేదన్నది నిజమే. కానీ యమహా, కేటీఎం గుంపు, బీటా, షెర్కో, టీఎం ఇప్పటికీ చేస్తున్నాయి, హార్డ్ ఎండ్యూరోలో ముందుండే బళ్లలో చాలావరకు 300 టూ స్ట్రోకులే. ఇంకోటి రాబోతోందని ఆగితే ఎప్పటికీ ఆగాల్సిందే, ఎందుకంటే ఎప్పుడూ ఏదో ఒకటి రాబోతూనే ఉంటుంది.

కిక్ కొట్టు

అందరూ ఇంజిన్ గురించి, కంపెనీల గురించి చెబుతున్నారు, బండి దేనికో ఎవరూ అడగలేదేంటి? రాళ్లబాట గారూ, మీరు నడిపేది రాళ్లలో, ఎత్తుల్లో అన్నారు. వైజెడ్ 250 మోటోక్రాస్ ట్రాక్ కోసం పుట్టింది. గేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, సస్పెన్షన్ జంపులకి గట్టిగా ఉంటుంది, వెనక చక్రం 19 అంగుళాలు, సైడ్ స్టాండ్ ఉండదు, లైటు ఉండదు, ఎలక్ట్రిక్ స్టార్ట్ ఉండదు. పవర్ ఒక్కసారిగా మీద పడుతుంది. వాలు మధ్యలో ఇంజిన్ ఆగిపోయి, ఒక కాలు గాల్లో, ఒక కాలు రాయి మీద పెట్టి కిక్ కొట్టాల్సి వచ్చినప్పుడు బటన్ విలువ తెలుస్తుంది. కేటీఎం 300 అలాంటి చోట్లకే చేసింది, కింది ఆర్‌పీఎంలో ట్రాక్టర్‌లా లాగుతుంది, వెనక 18 అంగుళాల చక్రానికి లావు టైరు పడుతుంది కాబట్టి రాళ్లు తగిలినా పంచర్ల బెడద తక్కువ.

వైజెడ్‌ని ట్రైల్‌కి మార్చుకోవచ్చు: బరువైన ఫ్లైవీల్, 18 అంగుళాల చక్రం, మెత్తటి స్ప్రింగులు, వెనక పెద్ద స్ప్రాకెట్. కానీ అవన్నీ కలిపాక ఖర్చు ఎక్కడికి పోతుందో లెక్క వేసుకోండి. అదే యమహా కావాలనుకుంటే 2016 నుంచి వైజెడ్ 250ఎక్స్ అని ట్రైల్ కోసమే చేసింది ఉంది, అది దొరుకుతుందేమో చూడండి. నేనైతే ఆ 300నే తీసుకుంటాను, హాఫ్ ఇంజిన్ ఖర్చు తగ్గించుకుని.

హాఫ్ ఇంజిన్

@కిక్ కొట్టు, మీ మాట కాదనను, ఆ చోట్లకి 300 సరైన బండే. కానీ పేరు చూసి కాదు, ఆ ఒక్క బండి ఎలా ఉందో చూసి చెప్పాలి కదా. నోట్‌బుక్ రాసి, పాత పిస్టన్ దాచిపెట్టి చూపించే ఓనర్ చేతి నుంచి వచ్చిన బండిని నేను సగం కళ్లు మూసుకుని నమ్ముతాను. కొత్త స్టిక్కర్లు అంటించిన బండిని రెండు కళ్లూ తెరిచి చూస్తాను.

రాళ్లబాట తమ్ముడూ, మీటర్‌లో 140 ఉందంటే 140 అని రాసిపెట్టుకోవద్దు, మీటర్లు మారుతుంటాయి. బూట్లు రాసుకునే చోట ఫ్రేమ్ మీద రంగు ఎంత పోయింది, ఇంజిన్ కవర్ మీద మెరుపు ఎంత వచ్చింది, ఫుట్‌పెగ్ పళ్లు ఎంత అరిగాయి, ఇవన్నీ కొత్త ప్లాస్టిక్‌తో కప్పడానికి కుదరదు. వెనక చక్రం నేలకి తగలకుండా స్టాండ్ మీద పెట్టి, చక్రం పట్టుకుని మెల్లగా పైకి లాగండి. పైకి వెళ్తూ టక్ మని చిన్న ఆట చేతికి తెలిస్తే బేరింగులు పోయాయి. వైజెడ్‌లో లింకేజ్ (షాక్‌ని స్వింగ్ ఆర్మ్‌కి కలిపే మీటల అమరిక) ఉంటుంది, దాన్లో బేరింగులు నీళ్లు, బురద తాగి తుప్పు పడతాయి. ఆ కేటీఎం ఈఎక్స్‌సీలో లింకేజ్ ఉండదు, షాక్ నేరుగా స్వింగ్ ఆర్మ్‌కి తగిలించి ఉంటుంది, అక్కడ షాక్ కింది బేరింగు చూడాలి. ముందు చక్రం లేపి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే మధ్యలో ఎక్కడా గాడిలో పడ్డట్టు ఆగకూడదు.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ తీసి, దాని వెనక గొట్టం లోపల శుభ్రమైన గుడ్డతో ఒక్కసారి తుడవండి. గుడ్డకి మట్టి అంటితే ఇక మిగతావి చూడక్కర్లేదు.

చాసిస్ నంబర్

కాగితాల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. డర్ట్ బైకుల్లో చాలావాటికి రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు, అందుకే దొంగబళ్లు ఈ దారిలో తేలిగ్గా చేతులు మారతాయి. ఫ్రేమ్ మెడ దగ్గర కొట్టిన నంబర్ మీద వేలితో రాయండి, చుట్టూ అరగదీసిన గరుకుదనం, కొత్త పెయింటు, అక్షరాల వరస తప్పడం ఏది కనిపించినా అడ్వాన్సు కూడా ఇవ్వకండి. మొదట కొన్న బిల్లు, అమ్ముతున్న వ్యక్తి గుర్తింపు కార్డు, రెండిట్లో పేరు కలవకపోతే మధ్యలో ఎవరెవరి చేతులు మారిందో రాతపూర్వకంగా అడగండి. ఇంజిన్ నంబర్ కూడా బిల్లుతో సరిచూడండి.

17 అక్షరాల నంబర్‌లో పదో అక్షరం చాలా బళ్లలో మోడల్ సంవత్సరం చెబుతుంది, జె అంటే 2018, కె అంటే 2019, ఎల్ అంటే 2020. అమ్మేవాడు 2019 అంటున్నాడు, అక్కడ జె ఉంది అంటే ఒక ఏడాది పాతది అన్నమాట. 2019 మోడల్ బండి 2018లోనే తయారై వచ్చి ఉండొచ్చు, దాన్ని మోసం అనుకోవద్దు. మోడల్ సంవత్సరం వేరు, తయారైన తేదీ వేరు. అదే నంబర్‌తో కంపెనీ సైట్లోనో, డీలర్ దగ్గరో రీకాల్ ఏమైనా పెండింగ్ ఉందేమో అడగండి. రోజూ వార్తలు చదివేవాళ్లు కంపెనీని ఎవరు కొన్నారో చదువుతారు, రీకాల్ వార్త మాత్రం దాటేస్తారు. బండి కొనేవాడికి ముందు కావాల్సింది అదే.

రాళ్లబాట

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. రెండు బళ్లూ మళ్లీ వెళ్లి చూసొచ్చాను.

కేటీఎం ఓనర్‌ని పైపు విప్పనిమ్మని అడిగితే ముందు మొహం మార్చాడు, తర్వాత ఒప్పుకున్నాడు. పిస్టన్ మీద గోరుకి తగిలే గీత ఒకటి ఉంది, ఎగ్జాస్ట్ వైపే. ఫిల్టర్ వెనక గొట్టంలో తుడిస్తే గుడ్డ మీద సన్నటి మట్టి చార వచ్చింది. పదో అక్షరం కె, అది సరిగ్గానే ఉంది. ఈసీయూ, ఆయిల్ పంపు గురించి డీలర్‌కి ఫోన్ చేశాను, రెండూ తెప్పించొచ్చు, కాకపోతే వారాలు పడుతుందన్నారు. కాబట్టి దివాలా భయం నా మనసులోంచి పోయింది, బండి మీద భయం మొదలైంది.

వైజెడ్ ఇంజిన్ చల్లగానే ఉంది, మూడో కిక్‌కి అందుకుంది. రేజ్ వదిలితే వెంటనే దిగింది. పిస్టన్ నునుపుగా ఉంది. లింకేజ్‌లో ఆట ఉంది, వెనక చక్రం లాగితే టక్ మంది, అది ఆయనే ముందు చెప్పాడు. నంబర్లు, బిల్లు అన్నీ కలిశాయి.

కిక్ కొట్టు గారు చెప్పింది మాత్రం మనసులో మెదులుతూనే ఉంది, నా దారులకి 300 సరిపోతుంది. 300కి పిస్టన్ కొత్తది వేయిస్తే సరిపోతుందా? ఇంకో డౌటు, వైజెడ్ తీసుకుంటే పెట్రోల్‌లో ఆయిల్ ఎంత కలపాలి? ఆ ఓనర్ 32కి ఒకటి అన్నాడు, ఇంకొకరు 60కి ఒకటి చాలన్నారు.

హాఫ్ ఇంజిన్

గొట్టంలో మట్టి, పిస్టన్ మీద గీత, రెండూ కలిసి కనిపించాయంటే ఆ మట్టి పిస్టన్ దగ్గరే ఆగి ఉండదు, టూ స్ట్రోక్‌లో అది ముందు క్రాంక్‌కేసులోకి వెళ్లి, రాడ్ కింది బేరింగుని దాటుకునే పైకి వస్తుంది. కాబట్టి పిస్టన్ ఒక్కటి మారిస్తే సరిపోదు. క్రాంక్ విప్పాలి, సిలిండర్ కోటింగ్ చూడాలి, అంటే ఫుల్ ఇంజిన్ పని. ఆ మొత్తం ఖర్చు ధరలోంచి తీసేసి అడగండి, ఇస్తే తీసుకోండి, మీ దారులకి అంతకంటే మంచి బండి లేదు. ఇవ్వకపోతే వదిలేయండి, 300లు ఇంకా వస్తాయి.

వైజెడ్ లింకేజ్ బేరింగుల కిట్ చిన్న పని, దానికి భయపడక్కర్లేదు. పైపు సొట్ట కూడా లోపలికి గాలి ఎక్కించి బయటికి లాగేవాళ్లుంటారు.

ఆయిల్ సంగతికొస్తే యమహా మాన్యువల్‌లో 30కి ఒకటి ఉంటుంది. 32కి ఒకటి అంటే లీటరు పెట్రోల్‌కి సుమారు 31 మిల్లీలీటర్లు, ఆ ఓనర్ చెప్పింది సరైనదే. 60కి ఒకటి అనేది కేటీఎం వాళ్ల పాత కార్బొరేటర్ బళ్ల మాన్యువల్ మాట, దాన్ని దీనికి పెట్టకండి. ఆయిల్ తగ్గిస్తే పొగ తగ్గుతుందని చాలామంది తగ్గిస్తారు, పొగ ఎక్కువైతే చూడాల్సింది జెట్టింగు, అంటే కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే పాళ్లు. మంచి సింథటిక్ ఆయిల్ ఒకటి ఎంచుకుని, కొలగిన్నెతో కొలిచి, ప్రతిసారీ అదే పాళ్లలో కలపండి. పాళ్లు మారిస్తే మళ్లీ జెట్టింగు చూసుకోవాల్సి వస్తుంది.

కిక్ కొట్టు

మట్టి కనిపించాక నేనూ ఆ 300 తీసుకోమనను. వైజెడ్ తీసుకుంటే ముందు బరువైన ఫ్లైవీల్ ఒక్కటి వేయించి నడపండి, మిగతావి అప్పుడే వద్దు. అది ఒక్కటే కింది ఆర్‌పీఎంలో బండి తీరు మార్చేస్తుంది, రాళ్లలో ఆగిపోవడం బాగా తగ్గుతుంది. చక్రం, స్ప్రింగులు మీ బరువుకి అవసరమో కాదో కొన్నాళ్లు నడిపాక మీకే తెలుస్తుంది.